ప్లేగు ఇంట్లో వాన

జంగమకోటె నుంచి శిడ్లఘట్టకు పోయే దారిలో, ఊరు దాటి కొంచెం దూరం పోతే, ఎడమచేతి పక్కన ఒక పెంకుటిల్లు ఉండేది. పగటిపూట చూస్తే పాపం మామూలు ఇల్లే. పేరు మాత్రం పాడు పేరు — ప్లేగు ఇల్లు.

ఎప్పుడో ప్లేగు వచ్చిన ఏడాది ఊరు ఊరంతా ఇళ్ళు వదిలేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. జబ్బు తగ్గినాక అందరూ తిరిగి వచ్చారు. ఆ ఇంటివాళ్ళు మాత్రం రాలేదు. జ్వరం తగిలి పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారని కొందరు, వాళ్ళతోపాటే తల్లి కూడా పోయిందని కొందరు… ఎవరి కథ వాళ్ళది. చీకటి పడ్డాక ఆ ఇంటిముందు నిలబడకూడదన్న మాట దగ్గర మాత్రం అందరూ ఒకటే.

యుద్ధం నడిచే రోజుల్లో ఆ ఇంటి గురించి కొత్త మాటొకటి పుట్టింది. ఆ ఇంట్లో వాన కురుస్తుందట! బయట చుక్కలు మెరుస్తుంటాయట, నేల పొడిగా ఉంటుందట… లోపల మాత్రం జోరు వాన. ఆ దారిన పోతూ ఆ చప్పుడు విన్న పైఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. లోపలికి పోయి చూసినవాళ్ళు లేరు.

పోయినవాడు ఒక్కడే — బాగేపల్లి చెనక్కాయల వ్యాపారి తిమ్మరాయప్ప. అదీ ధైర్యంతో కాదు, రికార్డుల పిచ్చితో.

ఆ పిచ్చి సంగతి కొంచెం చెప్పాలి. చింతామణిలో రంగనాథ మేష్ట్రని ఒక బడిపంతులు ఉండేవాడు. నెలకొక ఆదివారం ఆయన ఇంట్లో గ్రామఫోను పిచ్చివాళ్ళంతా చేరేవాళ్ళు. చిక్కబళ్ళాపురం నుంచి ఒకరు, గుడిబండె నుంచి ఒకరు, బాగేపల్లి నుంచి మన తిమ్మరాయప్ప. అక్కడ క్షేమసమాచారాలు ఉండవు. వానలు పడ్డాయా, పిల్లకు సంబంధం కుదిరిందా — ఏదీ ఉండదు. గడప దాటగానే ఒకటే ప్రశ్న.

"ఇప్పుడేమి వింటాండారు?"

"తోడి వింటాండానప్పా. నెల దినాలుగా రికార్డు అదే పక్క తిప్పుతాండా. మా ఇంట్లో ఆమె గ్రామఫోను పెట్టెను బావిలో వేస్తానంటాండాది."

"నాది ఆనందభైరవి. సూదులు దొరికితే గదా! ముల్లు చెక్కి పెట్టుకోని వింటాండా."

యుద్ధంలో సూదులకు కూడా కరువొచ్చింది మరి. చెట్టు ముల్లును నున్నగా చెక్కి, దాన్నే సూదిగా బిగించి వినేవాళ్ళు. పాట మొదలయ్యేముందు గరగరమని ఒక చప్పుడు వచ్చేది. ఆ గరగర వింటేనే వీళ్ళకు నోట్లో నీళ్ళూరేవి.

మేష్ట్రు దగ్గర ఒక సావేరి రాగం రికార్డు ఉండేది. పాడిన తల్లి ఎప్పుడో పోయింది, అచ్చు వేసిన కంపెనీ మూతబడింది. ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా ఇంకొకటి లేదు. సొంత బావమరిది అడిగినా ఇవ్వని రికార్డు అది. తిమ్మరాయప్ప ఏడాది పొడుగునా బతిమాలి, ఒక నెలకు అడిగి తెచ్చుకున్నాడు. ఇచ్చేటప్పుడు మేష్ట్రు ఒకే మాట అన్నాడు.

"రికార్డుతో వస్తే ఈ గడప నీది. రికార్డు లేకుండా మాత్రం రావొద్దు తిమ్మరాయప్పా."

నవ్వుతూనే అన్నాడు. కానీ తిమ్మరాయప్పకు నవ్వు రాలేదు. బాగేపల్లిలో వాడికి చెనక్కాయల ధర చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. సావేరి వింటుంటే కళ్ళలో నీళ్ళు ఎందుకొస్తాయని మాట్లాడుకునేవాడు ఒక్కడు లేడు. భార్య కూడా "ఆ ఏడుపు ఆపుతావా, నన్నూ ఏడవమంటావా" అనే రకం. ఆ గడప ఒకటి పోతే వాడికి లోకంలో ఇంక చెప్పుకునే దిక్కు లేదు.

అందుకే తిరిగి ఇచ్చే రోజున రికార్డును రెండు గుండ్రటి వెదురు తట్టల మధ్య పెట్టి, పాత గుడ్డతో బిగించి కట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయలుదేరాడు. లక్కతో చేసిన రికార్డు. మోచెయ్యి ఎత్తునుంచి పడినా పెంకులే మిగులుతాయి.

జంగమకోటెలో వ్యాపారం పని చూసుకుని, శిడ్లఘట్టకు సాయంత్రం బస్సెక్కాడు. పెట్రోలు లేని కాలం, బొగ్గుతో నడిచే బస్సు. ఊరు దాటిందో లేదో రెండుసార్లు దగ్గి, ఒకసారి నిట్టూర్చి నిలిచిపోయింది. డ్రైవరు ఆదెప్ప కిందికి దిగి, బొగ్గు కుంపటి మూత తెరిచి చూసి, మళ్ళీ మూసేశాడు.

"ఇంక ఇది తెల్లారితే గాని లేవదు. పడుకోండప్పా అందరూ."

తెల్లారితే ఆదివారం. శిడ్లఘట్టలో పొద్దుటి రైలు పట్టుకుంటేగాని చింతామణి చేరలేడు. తిమ్మరాయప్ప తట్టను ఎదకు ఆనించుకుని దిగాడు.

"నడిచి పోతాండావా?" ఆదెప్ప గొంతు తగ్గించాడు. "దారిలో ప్లేగు ఇల్లు ఉండాది. ఆడ నిలబడొద్దు. ఏమన్నా వినపడితే… వెనక్కి చూడకుండా పరిగెత్తు."

పరిగెత్తు! చెప్పడానికేం, ఎన్నయినా చెప్తారు. పరిగెత్తితే చీకట్లో కాలు తట్టుకుంటుంది, కాలు తట్టుకుంటే రికార్డు పగులుతుంది. మెల్లగా నడిస్తే దెయ్యం పట్టుకుంటుంది. రికార్డా ప్రాణమా అని అడిగితే తిమ్మరాయప్ప కొంచెం ఆలోచించి చెప్పే మనిషి.

మెల్లగానే నడిచాడు…

అమావాస్య దగ్గర పడింది. చుక్కల వెలుతురులో దారి బూడిద గీతలాగా కనిపిస్తోంది. ఎడమచేతి పక్కన పెంకుటిల్లు నల్లగా వచ్చి నిలబడింది. అటు చూడకూడదనుకున్నాడు. చూడలేదు కూడా. కానీ చెవులకు రెప్పలు లేవు కదా!

వాన.

సన్నగా, ఎడతెరిపి లేకుండా… ఆకుల మీద పడుతున్నట్టు వాన.

తిమ్మరాయప్ప తలెత్తి చూశాడు. ఆకాశం నిండా చుక్కలు. చెయ్యి చాపాడు. ఒక్క చినుకు లేదు. ఒంటిమీద రోమాలు లేచి నిలబడ్డాయి, కాళ్ళు పరుగుకు సిద్ధమయ్యాయి, చేతులు మాత్రం "రికార్డు, రికార్డు" అని కాళ్ళను ఆపాయి. అట్లా కదలకుండా నిలబడిపోయి, వద్దు వద్దనుకుంటూనే విన్నాడు.

విన్నకొద్దీ చెవి వేరే మాట చెప్పింది. ఇది వాన కాదు! గరగర… గరగర… ఈ చప్పుడు తనకు తెలుసు. ముల్లు పెట్టిన రికార్డు చప్పుడు!

భయం సగం దిగిపోయింది. ఓహో, ఎవడో తనలాంటివాడే! ఇంట్లో పెళ్ళాం తిడుతుంటే పాడుబడిన ఇంట్లో పెట్టె పెట్టుకుని వింటున్నాడన్నమాట. ఇంతకీ ఏ రికార్డో! పాట ఇప్పుడు మొదలవుతుంది, ఇదిగో ఇప్పుడు… అని నిలబడ్డాడు.

పాట మొదలు కాలేదు. గరగర మాత్రం ఆగలేదు.

ఇంకాసేపు చూశాడు. ఒక పక్క పాట అంతా అయిపోయేంత సేపు గడిచింది. అప్పుడు తిమ్మరాయప్పకు విషయం తట్టి ఒళ్ళు మండింది. పాట ఎప్పుడో అయిపోయింది! ఈ మహానుభావుడు ముల్లు ఎత్తకుండా నిద్రపోయాడు! రికార్డు ఊరికే తిరుగుతోంది, అరిగిపోతోంది… యుద్ధకాలంలో, రికార్డులు దొరకని కాలంలో!

దెయ్యానికి భయపడే మనిషే. కానీ రికార్డు పాడవుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. గబగబా పోయి తలుపు తోశాడు.

తలుపు ఓరగానే ఉంది. లోపల కన్ను పొడిచినా కానరాని చీకటి. వెచ్చగా, పచ్చి ఆకు వాసన. రెండడుగులు లోపలికి వేశాక తెలిసింది — ఆ చప్పుడు ఒక పెట్టెలోనుంచి రావడం లేదు. కుడిపక్కనుంచి వస్తోంది, ఎడమపక్కనుంచి వస్తోంది, తలకంటే పైనుంచి కూడా వస్తోంది. లోపలెక్కడో చూరునీళ్ళు పడ్డట్టు అప్పుడప్పుడు ఒక టప్ కూడా.

 ఏదో ఒకటి మాట్లాడాలి. అలవాటైన మాట ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

"ఏమి… ఏమి వింటాండారప్పా?"

చీకట్లో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత ఆడగొంతు, గుసగుసగా…

"మెల్లగ మాట్లాడప్పా… పిల్లోళ్ళు తింటాండారు."

తిమ్మరాయప్ప వెనక్కి ఒకడుగు వేశాడు.

"పి… పిల్లోళ్ళా? ఎంతమంది?"

"లెక్క పెట్టకూడదు. లెక్క పెడితే నిల్సరు."

కాసేపు వాన. మళ్ళీ ఆ గొంతే, అలసటగా, దగ్గరి మనిషితో కష్టం చెప్పుకుంటున్నట్టు —

"నాలుగు జ్వరాలు వచ్చినాయి. మూడో జ్వరానికి శానామంది పోయినారు. ఉండేవాళ్ళు నాలుగోది కూడా పడి, లేచినారు… ఇప్పుడు ఒకటే ఆకలి. రేయీ పగలూ ఆకలి. ఎంత పెట్టినా చాలదు."

ప్లేగు… జ్వరం… పిల్లలు… తల్లి. ఊళ్ళో విన్నదంతా ఒక్కసారిగా వచ్చి తిమ్మరాయప్ప మీద పడింది. వెనక్కి తిరిగి పరిగెత్తుదామంటే కింద గడప ఎంత ఎత్తుందో తెలియదు, గడప తట్టుకుంటే రికార్డు పెంకులు. తట్టను ఇంకా గట్టిగా ఎదకు హత్తుకున్నాడు.

ఆ కదలిక ఆమె చూసింది. వాడి వెనక తెరిచిన తలుపులోంచి చుక్కల వెలుతురు పడుతోంది కదా, అందులో గుండ్రంగా నీడ కనిపించి ఉంటుంది.

"నీ చేతిలో ఏమది? తట్టా? తట్టలో ఏముండాది?"

తిమ్మరాయప్ప జన్మలో అబద్ధం ఆడనివాడేమీ కాదు, వ్యాపారస్తుడు. కానీ ఆ క్షణంలో నోట్లోంచి నిజమే వచ్చింది.

"పాట… పాట ఉండాదమ్మా."

చీకట్లో ఆకులు కదిలిన చప్పుడు.  మళ్ళీ గొంతు వచ్చింది. ఈసారి ఆ గొంతు వణుకుతోంది.

"అయితే… పాడేసి పో నాయనా. పాడేసి పో. మా పిల్లోళ్ళను మాత్రం ముట్టొద్దు. నీకు దండం పెడతా."

పాడేసి పొమ్మంది! దయ్యమైనా దయగల తల్లే. బయటపడే దారి ఒకటి చూపించింది. తిమ్మరాయప్ప చేత్తో గోడ తడుముకుంటూ పోయాడు. లోపలిగది వాకిలి పక్కన దీపం పెట్టుకునే పెద్ద గూడు తగిలింది. అందులో తట్టను భద్రంగా నిలబెట్టాడు. తాళం వెయ్యకుండా పాడే అలవాటు వాడికి లేదు మరి, చేతులు ఖాళీ కావాలి. నాలుగడుగులు వెనక్కి వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని సావేరి ఎత్తుకున్నాడు. అది పొద్దున పాడుకునే రాగం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పొద్దేంది, రేయేంది!

గొంతు వణికింది. రెండో వరుసకే తాళం కూడా తప్పింది. అయిపోయింది, దెయ్యానికి కోపం వచ్చిందే అనుకున్నాడు.

టప్…

చీకట్లో ఎవరో తాళం అందుకున్నారు. మెల్లగా, నిదానంగా, తొడమీద వేస్తున్నట్టు… వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా. తిమ్మరాయప్పకు ప్రాణం లేచొచ్చింది. తాళం వేసే దెయ్యం పీక పిసుకుతుందా ఎక్కడైనా! ఆ తాళాన్ని పట్టుకుని గొంతు నిలదొక్కుకుంది. రికార్డులో ఆ తల్లి ఎక్కడ సాగదీస్తుందో అక్కడ సాగదీశాడు, ఎక్కడ విరుస్తుందో అక్కడ విరిచాడు. కాసేపటికి ఎక్కడున్నాడో కూడా మరిచిపోయాడు. నిజం చెప్పాలంటే జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు.

చరణం అయింది. ఆపాడు.

రికార్డులో పాట అక్కడికే ఉంటుంది. పక్కకు మూడు నిమిషాల చిల్లర, అంతే చోటు. పాడిన తల్లి మళ్ళీ పల్లవి అందుకునేలోపలే రికార్డు అయిపోతుంది. వినీ వినీ వీళ్ళకు పాటంటే అంతే అని అలవాటు పడిపోయింది.

తిమ్మరాయప్ప చేతులు జోడించాడు.

"పోయి రావచ్చునా తల్లీ?"

చీకటి కొంచెంసేపు ఆలోచించింది.

"…దెయ్యం యాడన్నా సెలవు అడుగుతాదా?"

గంపను కాలితో తోసిన చప్పుడు. దారిలో పోయేవాళ్ళకు కనపడకుండా గంప కింద దాచిపెట్టిన లాంతరు వెలుగు ఒక్కసారిగా ఇంట్లో పరుచుకుంది. ఇద్దరూ ముందు ఒకరి పాదాలు ఒకరు చూసుకున్నారు. రెండు జతలూ ముందుకే తిరిగి ఉన్నాయి.

కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో ఆకుల తట్టను పట్టుకుని ఒక నడివయసు ఆమె నిలబడి ఉంది. ఆమె వెనక, పక్కన, నేలనుంచి అటక దాకా, వరసలు వరసలుగా వెదురు తట్టలు. తట్టల నిండా ఆకు. ఆకు నిండా తెల్లగా, వేలెడు వేలెడు, పట్టుపురుగులు… వేలకు వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు నములుతున్నాయి. గరగర… గరగర… అదే వాన.

"నేను నిన్నే దెయ్యమనుకుంటి గదప్పా! తట్టలో పాట ఉండాదంటే మనిషని యెట్ల అనుకునేది?"

ఆమె పేరు మునివెంకటమ్మ. యుద్ధంలో విమానాలనుంచి దూకేవాళ్ళ గొడుగులకు పట్టు కావాలని దొరలు అడుగుతున్నారట, ఊరంతా పురుగులే, ఇళ్ళల్లో చోటు లేదట. ప్లేగు ఇల్లు ఖాళీగా ఉందికదా అని మొగుడూ పెళ్ళాం ఇక్కడ దిగారు. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు. మొగుడు ఇప్పుడు ఆకు తేవడానికి పోయాడు.

"మరి జ్వరాలంటివే?"

"పురుగులు చర్మం వదిలేటప్పుడు మేత మానేసి తల ఎత్తి పడుకుంటాయి. దాన్ని జ్వరమనే అంటాము. మీ పక్క అనరా?"

బాగేపల్లి పక్కన చెనక్కాయలే గాని పట్టు ఎక్కడిది! చెనక్కాయలకు జ్వరం రాదు. తిమ్మరాయప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్లలు బెదురుతారని మునివెంకటమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని తిమ్మరాయప్ప అన్నాడు.

"ఏమైనా చెప్పమ్మా, అంత భయంలో కూడా తాళం మాత్రం తప్పలేదే నువ్వు! యాడ నేర్చినావు?"

"తాళమా? నేనెక్కడ వేసినానప్పా? నా రెండు చేతుల్లోనూ తట్ట ఉండె గదా."

తిమ్మరాయప్ప నవ్వు ముఖంమీదే ఉండిపోయింది.

టప్…

లోపలిగది వాకిలి దగ్గరనుంచి. ఆ గది ఖాళీ. అందులో తట్టలు కూడా లేవు.

"ఓ, అదా!" అంది మునివెంకటమ్మ, ఆకు పరుస్తూ. "అది బల్లి. దినామూ రేయంతా అట్లే కొట్టుకుంటాండాది."

టప్… కొంచెం ఎక్కువసేపు ఖాళీ. టప్… కొంచెం ఖాళీ. టప్… కొంచెం ఖాళీ. మళ్ళీ మొదటినుంచి.

దెబ్బ వేసి, మూడు వేళ్ళు ఎంచి, మళ్ళీ దెబ్బ వేసి చెయ్యి తిప్పి, ఇంకొక దెబ్బ వేసి చెయ్యి తిప్పితే ఆదితాళం. వేళ్ళు ఎంచేదీ చెయ్యి తిప్పేదీ చెవికి వినపడవు. దెబ్బలే వినపడతాయి. బల్లికి ఆదితాళం ఎవరు నేర్పారు?

 తలుపు పక్కనే ఉంది, తెరిచే ఉంది. ఒక్క దూకు దూకితే బయట. కానీ రికార్డు… రికార్డు లోపలిగది వాకిలి పక్కన గూట్లో ఉంది. ఆ టప్ టప్ వస్తున్నది సరిగ్గా ఆ గూటి పక్కనుంచే.

మేష్ట్రు గడప కళ్ళముందు మెదిలింది. రికార్డు లేకుండా రావొద్దన్నాడు. తిమ్మరాయప్పకు ఏడుపు వచ్చింది. ఏడుపుతోపాటే, ఇంత భయంలోనూ, సంగీతం పిచ్చివాడి బుర్ర ఒక సంగతి పట్టుకుంది. తను చరణం దగ్గర ఆపేశాడు. పల్లవిలో మొదలైన పాట పల్లవిలోనే దిగాలి. చీకట్లో కూర్చున్నవాళ్ళెవరో కానీ, వాళ్ళు రికార్డు విన్నవాళ్ళు కాదు. పాట అయిందనుకోలేదు. తాళం వేస్తూ, పల్లవి కోసం కాచుకుని ఉన్నారు.

ఒక వరుస తాళం పోనిచ్చాడు. రెండో వరుసకు ఎత్తుగడ చూసుకుని, సన్నగా పల్లవి అందుకున్నాడు.

పాడుతూ ఒక్కొక్క అడుగే వేశాడు. టప్… గొంతుతోపాటు నడిచింది. గూటి దగ్గరికి వచ్చేసరికి ఆ దెబ్బ చెవి పక్కనే వినిపించింది. తల తిప్పలేదు. తట్టను రెండు చేతులతో అందుకుని, ఎదకు ఆనించుకుని, పల్లవి చివరి అక్షరాన్ని తాళం మీద మెల్లగా దించాడు.

టప్.

అంతే. ఇంక రాలేదు.

ఎవరికీ వీపు చూపించకుండా, వెనక్కి వెనక్కి నడిచి గడప దిగాడు. రికార్డు భద్రంగా ఉంది. మునివెంకటమ్మ లాంతరు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, తల పక్కకు వంచి ఇంట్లోకి చెవి పెట్టింది. లోపల ఆకు నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమి చేసినావప్పా?" అంది ఆశ్చర్యంగా. "ఆ బల్లి ఊరకైపోయిందే! మేమీడ దిగినప్పటినుంచి ఒక్క రేయి కూడా నిలిచింది లేదు."